గడ్డిపోచ నుంచి గవ్వ దాకా: ఇంటి సరుకుతోనే క్రిస్మస్ సింగారం

శ్రీకాకుళం (ఘంటసాల మండలం), డిసెంబరు:

సార్వా కోతలు ఒక కొలిక్కి వచ్చే రోజులివి. కోసిన చేలలో మినుము మొలక పచ్చగా తేలుతుంది. కళ్లాల పక్కన కొత్త గడ్డివాములు లేస్తాయి. సరిగ్గా ఈ అదనులోనే క్రిస్మస్ పండుగ వస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం మొదలు చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక దాకా, ఇటు బందరు, గుడివాడ పరిసరాల దాకా పేటపేటనా ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి.

ఈ సింగారానికి ఇప్పుడు బజారు సరుకే ఎక్కువగా వాడుతున్నారు. ఒక పెద్ద నక్షత్రం, రెండు మెరుపు దండలు, ఒక పెట్టె రంగు బంతులు కొంటే వ్యవసాయ కూలీ ఇంట ఒక రోజు కష్టం వాటికే చెల్లు. అవి కూడా చాలావరకు ప్లాస్టిక్‌వే. కొత్త సంవత్సరం దాటేసరికి పంట కాలువల్లో తేలుతుంటాయి. ఒకప్పుడు పశువుల పాక, నక్షత్రం, అక్షరాలు అన్నీ కోసి పెట్టిన థర్మోకోల్ సంగతి సరేసరి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా అలంకరణకు వాడే థర్మోకోల్ తయారీ, అమ్మకం, వాడకం నిషిద్ధం.

అయితే సింగారానికి కావలసిన వస్తువులు డెల్టా ఇళ్లలో, చేలలో, చెట్ల కింద ఈ నెలలోనే పుష్కలంగా దొరుకుతాయి. వాటిని మలిచే పనితనమూ ఇక్కడివారికి కొత్త కాదు. గుమ్మానికి తోరణం కట్టే చేయి, వాకిట చుక్కల ముగ్గు పెట్టే చేయి క్రిస్మస్ బొమ్మ చేయడానికి వెనుకాడనక్కరలేదు.

చెట్టుకు మొదట కట్టింది తినుబండారాలే

ఈ ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీ తెలుగు మిషను 1841లో బందరులో మొదలైంది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దానికి ఆద్యులు. నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాల అయింది. బందరు నుంచి క్రైస్తవం పల్లెలకు విస్తరించింది. పండుగతోపాటు చెట్టు, గంటలు, రంగు బంతులు వంటి ఐరోపా వేడుకలూ కాలక్రమాన వచ్చి చేరాయి.

ఆ ఐరోపాలో కూడా క్రిస్మస్ చెట్టుకు తొలిరోజుల్లో కట్టినవి ఇంటి సరుకులే. ఆపిల్ పళ్లు, కాయలు, తీపి రొట్టె బిళ్లలు, కాగితం పూలు వేలాడదీసేవారు. గాజు బంతులు 19వ శతాబ్దంలో జర్మనీలోని లౌషా అనే ఊళ్లో గాజు పనివారి ఇళ్ల నుంచి వచ్చాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని గాజును ఊది, రంగు వేసి అమ్మేవారు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని ఇంటింటి పరిశ్రమగా ఎదిగిన తీరు తెలిసినవారికి ఇది చిత్రమనిపించదు. నేడు బజారులో వేలాడే ప్లాస్టిక్ బంతి ఆ గాజు బంతికి నకలు. ఆ గాజు బంతి అంతకుముందు చెట్టుకు కట్టిన పండుకు నకలు.

పండుగను ఇక్కడి మట్టితో, ఇక్కడి తీరుతో చేసుకోవాలన్న తలంపు తెలుగు క్రైస్తవులకు ఎప్పుడో కలిగింది. 1912లో డోర్నకల్‌కు బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. ఆయన హయాంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ దేవాలయంలో గుడి, మసీదు, చర్చి కట్టడాల రీతులు మూడూ కలిసి కనిపిస్తాయి. అంత పెద్ద కట్టడానికే దేశవాళీ రీతి ఒప్పినప్పుడు ఇంటి ముందు వేలాడే నక్షత్రానికి తాటి ఈనె ఒప్పదా?

ఆకాశదీపానికి చుట్టం

సింగారంలో పెద్దపీట నక్షత్రానిది. కార్తికమాసంలో గుళ్లలో ధ్వజస్తంభాలకు ఆకాశదీపం ఎత్తుతారు. అది దిగిన కొద్ది రోజులకే పేటల్లో వెదురు గడల కొనలకు నక్షత్రాలు ఎక్కుతాయి. చీకటి రోజుల్లో ఎత్తున దీపం కట్టాలన్న కోరిక రెండింటికీ ఒకటే.

ఫిలిప్పీన్స్ దీవుల్లో కూడా వెదురు బద్దలు, పల్చటి కాగితంతో అయిదు కొమ్మల నక్షత్రం చేసి క్రిస్మస్‌కు కడతారు. దాన్ని పరోల్ అంటారు. జర్మనీలో నీస్కీ అనే ఊరి మొరేవియన్ పాఠశాలలో 19వ శతాబ్దంలో పిల్లలకు రేఖాగణితం నేర్పుతూ కాగితపు నక్షత్రాలు చేయించారు. అది పెద్ద పరిశ్రమగా మారి ప్రపంచమంతా పాకింది. లెక్క తెలిస్తే నక్షత్రం కుదురుతుందనడానికి అదే సాక్ష్యం.

ఆ లెక్క ఇది. రెండడుగుల పొడవున 10 సన్నటి వెదురు బద్దలు చీల్చుకోవాలి. ప్రతి బద్దకూ రెండు చివరల నుంచి 9 అంగుళాల పైన కొద్దిగా, అంటే తొమ్మిదింపావుకు కాస్త తక్కువగా, గుర్తు పెట్టాలి. మధ్యలో అయిదున్నర అంగుళాల పైచిలుకు మిగులుతుంది. అయిదు బద్దలను ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి పోనిచ్చి, గుర్తు మీద గుర్తు కలిసేలా పేర్చి, కొనలను రెండేసి చొప్పున దారంతో బిగించాలి. గుర్తులు కలిస్తే నక్షత్రం వంకర పోదు. మిగిలిన అయిదు బద్దలతో రెండో నక్షత్రం కట్టాలి.

రెండింటినీ ఒకదానిపై ఒకటి ఉంచి అయిదు కొనల దగ్గర మాత్రమే కట్టాలి. లోపల బద్దలు కలిసే అయిదు చోట్ల నాలుగైదు అంగుళాల పుల్లలు అడ్డంగా నిలబెడితే నక్షత్రం ఉబ్బి నిలుస్తుంది. ఇక కాగితం పని. ముందు అయిదు కొమ్మలు, ఒక నడిమి భాగం, వెనుక అంతే, పక్కలకు 10 సన్నటి ముక్కోణాలు. వెరసి 22 ముక్కలు. వెనుక నడిమి ముక్క అంటించకుండా వదిలితే దీపం పెట్టడానికి దారి ఉంటుంది.

అంటించడానికి ఒక వంతు మైదాకు నాలుగైదు వంతుల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా ఉడికించిన బంక చాలు. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లలు చేయి పెట్టే బంకలో కలపరాదు. ఏ రోజు బంక ఆ రోజు కాచుకుంటే పురుగు బెడదే లేదు.

వెదురు దొరకనివారు కొబ్బరి ఈనెలతో చిన్న నక్షత్రాలు చేసుకోవచ్చు. చీపురు నుంచి ఆరంగుళాల పుల్లలు అయిదు తీసి, చివరల నుంచి రెండుంబావు అంగుళాల దగ్గర గుర్తు పెట్టి పై విధంగానే కట్టాలి. పాత చీర అంచు దారమో, ఊలు దారమో చుట్టితే చెట్టుకు వేలాడదీయడానికి ముచ్చటైన నక్షత్రం సిద్ధం. పేదవాని ఇంట చీపురు కట్ట లేకపోవడం ఉండదు కదా.

చూరు కింద నిప్పు వద్దు

నక్షత్రంలో వెనుకటికి కొవ్వొత్తో, కిరోసిన్ బుడ్డో పెట్టేవారు. కాగితపు గూడు, లోపల నిప్పు, పైన తాటాకు చూరు, పక్కనే ఎండిన గడ్డివాము. ఒక్క గాలి కెరటం చాలు, ఇల్లు ఇల్లంతా బూడిద కావడానికి. కోతల కాలంలో పూరిళ్ల వాడకు నిప్పు అంటుకుంటే ఒక కొంపతో ఆగదు. ఇంటిల్లిపాది తిండిగింజలూ అందులోనే ఉంటాయి.

ఇప్పుడు చిన్న ఎల్‌ఈడీ దీపం తక్కువ ధరకే దొరుకుతోంది. అది పెద్దగా వేడెక్కదు కూడా. అయినా దీపం కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి. తీగకు అతుకులుంటే టేపు చుట్టాలి. రాత్రి మంచుకు తడిసే తీగను చేతితో తాకరాదు. కొవ్వొత్తి వెలిగించాలనిపిస్తే నేల మీద నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టి వెలిగించడం మేలు. మంచు మాదిరిగా చెట్టుపై దూది పరిచే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. దివిసీమలో ఏనాడూ కురవని మంచు కోసం ఇల్లు కాల్చుకోవడం తెలివిగల పని కాదు.

మనిషి కోసిన గడ్డి

క్రీస్తు పుట్టిన పశువుల పాకను బొమ్మ కట్టే ఆచారం ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో ఆరంభించాడని ప్రసిద్ధి. ఆయన బొమ్మలు పెట్టలేదు. నిజమైన గడ్డి, నిజమైన ఎద్దు, గాడిద తెప్పించి నిలబెట్టాడు. పాక కట్టడం తెలియని రైతుకూలీ డెల్టాలో ఉండడు. కాబట్టి ఈ పని ఇక్కడ పిల్లలాట.

చిక్కల్లా గడ్డితోనే వచ్చింది. కోత మిషను వచ్చాక గడ్డి నలిగి ముక్కలై పడుతోంది. దానితో కప్పు నిలవదు. కొడవలితో కోసిన నిలువు గడ్డి కావాలి. వరిలో ముందే మినుము చల్లిన చేలను మొలక నలగకుండా ఇప్పటికీ కొందరు రైతులు చేతితోనే కోయిస్తారు. మిషను తిరగడానికి మడి మూలల్లో ముందుగా కొడవలితో కోసిన పనలూ ఉంటాయి. అడిగితే ఒక గుప్పెడు గడ్డికి కాదనే రైతు ఉండడు. దుమ్ము దులిపి, ఒక పూట ఎండబెట్టి, చివరలు సమంగా కత్తిరించి, చిన్న చిన్న పిడికిళ్లుగా కట్టి, అట్టపెట్టె మీద కింది వరుస నుంచి పైకి కప్పుకుంటూ పోవాలి. నిజం ఇంటికి కప్పే పద్ధతే ఇక్కడా.

బొమ్మలకు కాలువ గట్టు బంకమట్టి ఉండనే ఉంది. వినాయకచవితికి వినాయకుణ్ణి చేసే మట్టే మరియమ్మకూ, గొర్రెల కాపరికీ పనికి వస్తుంది. నీడలో ఆరబెడితే పగుళ్లు రావు.

గడ్డితోపాటు కంకులూ సింగారమే. వరి కంకులను జడలా అల్లి కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీయడం తెలుగునాట పాత అలవాటు. పిచ్చుకలు వచ్చి తింటాయి. నార్వే, స్వీడన్ దేశాల రైతులు కూడా క్రిస్మస్‌కు ఓట్ల పనను గడకు కట్టి పక్షుల కోసం నిలబెడతారు. అక్కడ గడ్డితో నక్షత్రాలు, మేక బొమ్మలు అల్లి ఇల్లు సింగారిస్తారు. వేల మైళ్ల దూరాన ఉన్న రైతుకు, ఇక్కడి రైతుకు పండుగనాడు పిచ్చుక గుర్తుకు రావడం ఒక ముచ్చట. కుచ్చునే గుండ్రంగా వంచి ఎర్ర గుడ్డ పీలికతో ముడివేస్తే తలుపుకు కట్టే క్రిస్మస్ దండ అవుతుంది. బజారులో అమ్మే ప్లాస్టిక్ దండను పిచ్చుక తినదు.

తాటాకు చిలక, కొబ్బరాకు బంతి

మట్టల ఆదివారానికి తాటాకుతో సిలువలు మడిచే పని క్రైస్తవ పిల్లలకు అలవాటే. అదే ఆకుతో చిలకలు, చేపలు, చిన్న బుట్టలు మడవవచ్చు. కొబ్బరాకుతో బంతి, బూర, చేతి గడియారం చేయని పల్లె పిల్లవాడు ఒకప్పుడు లేడు. ఆ బంతినే పసుపు నీళ్లలో ఒకసారి, బీట్‌రూట్ రసంలో ఒకసారి ముంచి ఆరబెడితే చెట్టుకు రంగు బంతులు దొరికినట్టే. పచ్చి ఆకు ఎండితే బిగి సడలుతుంది కాబట్టి ఒక పూట నీడలో వాడ్చి అల్లాలి. మొవ్వ కోస్తే చెట్టుకు చేటు. రాలిన మట్టల ఆకులూ, గాలికి ఒరిగిన మట్టల ఆకులూ చాలు.

పెట్టె అడుగున దొరికే సిరి

పెడన, బందరు కలంకారీ అద్దకానికి పుట్టిళ్లు. దర్జీల దగ్గర మిగిలే అద్దకపు గుడ్డ పీలికలు అరచేతంత ఉన్నా చాలు. నక్షత్రం, గంట, పావురం ఆకారంలో రెండేసి ముక్కలు కత్తిరించి, లోపలి వైపు బయటికి ఉంచి కుట్టి, ఒక అంగుళం సందు వదిలి తిరగేయాలి. లోపల బూరుగు దూదో, చింకి గుడ్డలో కూరి సందు కుట్టేయాలి. ఏళ్ల తరబడి నిలిచే బొమ్మ ఇది.

తెగిన రోల్డుగోల్డు గొలుసు, జత తప్పిన జూకా, రాళ్లు ఊడిన పతకం లేని పెట్టె ఈ ప్రాంతంలో ఉండదు. అవి వెలిసినా దీపం వెలుగులో మెరుస్తూనే ఉంటాయి. గొలుసును చెట్టు చుట్టూ తిప్పితే మెరుపు దండ. జూకాను వేలాడదీస్తే గంట.

మంగినపూడి, హంసలదీవి తీరాలకు వెళ్లివచ్చిన ఇళ్లలో గవ్వలు, ఆల్చిప్పలు పడి ఉంటాయి. వేడినీళ్లలో కడిగి, గవ్వ వీపును గరుకు రాతిమీద అరగదీస్తే కన్నం పడుతుంది. దారం గుచ్చి దండ కట్టవచ్చు.

పండుగ రొట్టెలకు కొట్టే కోడిగుడ్లను పగలగొట్టే బదులు రెండు చివరలా సూదితో కన్నం చేసి, ఊది సొన తీసుకోవచ్చు. పెంకును లోపల నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అగ్గిపుల్ల ముక్కకు నడుమ దారం కట్టి నిలువుగా కన్నంలోకి దూర్చితే లోపల అడ్డం తిరిగి పట్టుకుంటుంది. పైన కుంకుమరంగు, పసుపు, నీలిమందు పూయవచ్చు. ఖాళీ అగ్గిపెట్టెలకు రంగు కాగితం చుట్టి దారం కడితే బుల్లి కానుకల మూటలు.

కాగితాల కొదవ ఏ ఇంటా లేదు. డిసెంబరు చివరికి గోడ మీది క్యాలెండరు పని అయిపోతుంది. చదివిన దినపత్రికను సన్నగా చుట్టి గొట్టాలు చేస్తే వెదురు బద్దకు బదులు వాడవచ్చు. బిస్కెట్ పొట్లాల లోపలి వెండి రంగు మెరుపుకు పనికి వస్తుంది. ఆ వేసవిలో వచ్చిన శుభలేఖలు మందంగా, బంగారు గీతలతో ఉండి దేవదూత రెక్కలకు దివ్యంగా అమరుతాయి. అయితే శుభలేఖల మీద ఇరుగుపొరుగు వారి దేవుళ్ల బొమ్మలు ఉంటాయి. ఆ భాగాన్ని కత్తెరకు ఇవ్వకుండా పక్కన పెట్టడం మర్యాద. నాలుగు మతాలవారు ఒకే బావి నీళ్లు తోడుకునే ఊళ్లలో ఇలాంటి మర్యాదలే పండుగకు కళ తెస్తాయి.

క్రిస్మస్ ఎప్పుడూ ధనుర్మాసంలోనే వస్తుంది. ఊరంతా ముగ్గులు వేసే రోజుల్లోనే పేటల్లో వాకిళ్లలోనూ నక్షత్రపు ముగ్గు వెలుస్తుంది. ముగ్గు చుక్కల లెక్కతోనే కాగితం మీద ఆరు కొమ్మల నక్షత్రం గీసి కత్తిరించవచ్చు.

చెట్టు కాదు, కొమ్మ చాలు

కోస్తా తెలుగువారికి క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడే. సన్నటి ఆకులతో, గాలికి ఈలవేసే ఈ చెట్టు ఐరోపా దేవదారుకు మన బదులు. దివిసీమలో దీనికి మరో విలువ కూడా ఉంది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. పది వేలకు పైగా జనం ప్రాణాలు కోల్పోయారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడు క్రిస్మస్ వచ్చింది సరిగ్గా 36 రోజులకు. అంతకు పూర్వం 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఈ రెండు తేదీలూ పండుగకు ముందు నెలవే. ఈ తీరాన క్రిస్మస్ నక్షత్రం ఎత్తడమంటే గాలివాన గండం దాటి ఇల్లు నిలిచిందని చాటడం కూడా.

1977 ఉప్పెన తరువాత గాలి తాకిడిని ఆపేందుకు తీరం వెంబడి సరుగుడు తోటలు పెంచారు. ఊరిని కాచే ఆ వరుసలో నుంచి పండుగ కోసం చెట్టు నరికి తేవడం కంచెను మనమే తీసి పొయ్యిలో పెట్టడం వంటిది. రైతులు తమ తోటల్లో గడల కోసం కొట్టే సరుగుడు చెట్ల కొసలు వంటచెరకుగా పోతుంటాయి. అందులో ఒక కొస అడిగి తెచ్చి, తడి ఇసుక నింపిన బిందెలోనో, పాత బకెట్‌లోనో నిలబెడితే వారం రోజులు పచ్చగా ఉంటుంది. రోజూ కాస్త నీరు చిలకరించాలి.

పండుగ వెళ్లాక

పండుగ ఇంకా వారం ఉందనగా నక్షత్రం బద్దలు కట్టుకోవాలి. కాగితం మాత్రం రెండు రోజుల ముందు అంటించాలి. డెల్టాలో ఈ నెల రాత్రులు మంచు కురిసి కాగితం జారిపోతుంది. గడకు ఎత్తేవారు పొద్దుగూకాక ఎత్తి, పడుకోబోయే ముందు దించి లోపల పెట్టుకుంటే పండుగ దాకా నిలుస్తుంది. మట్టి బొమ్మలు, గుడ్డ బొమ్మలు ముందుగా చేసుకోవాలి. ఆకుల పని చివరి రోజుకు ఉంచుకోవాలి.

సంక్రాంతి నాటికి సింగారం అంతా దించాక ఏదీ వృథా పోదు. పాక మీది గడ్డి పశువు మేస్తుంది. తాటాకు, సరుగుడు కొమ్మ పొయ్యిలోకి వెళతాయి. మట్టి మట్టిలో కలుస్తుంది. గవ్వలు, గుడ్డ బొమ్మలు, గొలుసులు తిరిగి పెట్టె చేరతాయి. నక్షత్రం కాగితం చింపి బద్దల గూడును అటక మీద దాచితే వచ్చే డిసెంబరుకు కొత్త కాగితం ఖర్చే మిగులుతుంది.